కెన్యాలోని మేరుకి వెళ్తున్నవారికి: కిమేరు భాష, ఆ మనుషులు

మీరు అడిగినవి మూడు. మేరు పట్నంలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, భార్యతో, ఆరేళ్ల పాపతో వెళ్తున్నారు, ఇంగ్లీషూ కాస్త స్వాహిలీ ఉంటే సరిపోతుందా, లేక అక్కడి కిమేరు కూడా నేర్చుకోవాలా అన్నది మొదటిది. కిమేరు అంటే కికుయు భాషకే ఇంకో యాస అని ఎవరో చెప్పారట, నిజమేనా అన్నది రెండోది. ఆ పేరుకీ మన పురాణాల్లోని మేరు పర్వతానికీ సంబంధం ఉందా అన్నది మూడోది.

నేను నీటి పంపులు, పైపులైన్ల పని మీద ఆ జిల్లాలో తొమ్మిదేళ్లు ఉన్నాను. భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు. బావుల దగ్గరా, టీ తోటల గట్ల మీదా, పంచాయితీల్లోనూ విని నేర్చుకున్నది చెబుతాను.

మూడోదానికి జవాబు చిన్నది కాబట్టి అది ముందు. ఏ సంబంధమూ లేదు. అచ్చు ఒక్కలా వినిపించే పేర్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి, ఇదీ వాటిలో ఒకటి. తెలుగులో 'మేరు' అని వెతికితే ముందు పర్వతం వస్తుంది, తర్వాత తెలంగాణలో బట్టలు కుట్టే మేరు కులంవారి సంఘాల వార్తలు వస్తాయి. ఇంగ్లీషులో వెతికితే టాంజానియాలో అరూషా పక్కనున్న 4,562 మీటర్ల మేరు కొండ వస్తుంది. ఇక్కడే జాగ్రత్త. ఆ కొండ చుట్టూ ఉన్నవారిని కూడా మేరువాళ్లనే అంటారు గానీ వాళ్ల భాష కిలిమంజారో వైపు చగ్గా భాషలకి చుట్టం. మీరు వెళ్లే మేరుతో దానికి పని లేదు. మా మేనమామ నేను తిరిగొచ్చేదాకా నన్ను కిలిమంజారో కింద ఉన్నాననే అనుకున్నాడు. 

మీరు వెళ్లేది కెన్యా కొండకి తూర్పు, ఈశాన్యపు వాలు. ఆ కొండ ఎత్తు 5,199 మీటర్లు, ఆఫ్రికాలో రెండోది. భూమధ్యరేఖ దాదాపు ఆ పట్నం పక్కనుంచే పోతుంది, అయినా తెల్లవారి మబ్బు లేకపోతే కొండ మీద మంచు కనిపిస్తుంది. కికుయువాళ్లు ఆ కొండని కిరిన్యగా అంటారు, మేరువాళ్లు కిరిమారా అంటారు. పట్నం సుమారు ఐదు వేల అడుగుల ఎత్తులో ఉంది. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని మా కుర్రాడొకడు రెండు పల్చటి చొక్కాలతో దిగాడు. జూలైలో వాడికి నా స్వెట్టరే ఇచ్చాను.

ఇక కికుయు సంగతి. కిమేరు కికుయు యాస కాదు. రెండూ ఆఫ్రికాలోని బాంటూ అనే పెద్ద భాషా కుటుంబంలో ఒకే కొమ్మకి చెందినవి, ఎంబూ, కాంబా భాషలు కూడా ఆ కొమ్మవే. కికుయు మాట్లాడేవాడు మేరు సంతలో నిలబడితే బేరం అర్థమవుతుంది, ఇద్దరు ముసలివాళ్ల మధ్య గొడవ మాత్రం సగమే అర్థమవుతుంది. తమిళుడు మలయాళం విన్నట్టు అనుకోండి, ఇది నా అంచనా. 1971లో కికుయు, ఎంబూ, మేరు కలిపి 'గేమా' అని ఒక సంఘం పెట్టుకున్నారు, అది రాజకీయంగా బాగా బలపడింది, 1980లో దాన్ని మూసేయించారు. ఆ పేరు మాత్రం ఇప్పటికీ ఎన్నికలప్పుడు వినిపిస్తుంది. 'అంతా ఒకటే జాతి' అన్న మాట అక్కడి నుంచే బయటివాళ్ల నోట పడింది. మేరు వాళ్ల ముందు మాత్రం ఆ మాట అనకండి. నెల్లూరాయన్ని పట్టుకుని 'మీరు తమిళులే కదా' అన్నట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. అసలు 'మేరు' అన్నదే ఒక గొడుగు పేరు. దాని కింద ఇగెంబే, టిగానియా, ఇమెంటి, మియుటిని, ఇగోజి, మ్వింబి, ముథాంబి, చుకా, థరాకా అని తొమ్మిది గుంపులు లెక్కపెడతారు. బ్రిటిష్‌వాళ్లు 1908 ప్రాంతంలో హార్న్ అనే దొర చేతికి ఆ ప్రాంతం అప్పజెప్పినప్పుడు మేరు అన్న పేరు ఉత్తరాన కొన్ని గుంపులకే ఉండేది. చుకా, థరాకా లాంటివాళ్లని ఆ పేరు కింద చేర్చింది తర్వాతి జిల్లా పాలన. (హార్న్‌ని అక్కడివాళ్లు 'కంగాంగి' అని పిలిచేవారు, తిరుగుబోతు చిన్నోడు అని అర్థం. ఆయన పొట్టిగా ఉండి ఊళ్లు పట్టుకు తిరిగేవాడట.) ఇప్పుడు ఇమెంటి, టిగానియా, ఇగెంబే ఉన్నది మేరు కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), చుకా, థరాకా, మ్వింబి, ముథాంబి ఉన్నది థరాకా-నితి కౌంటీలో. 2019 జనాభా లెక్కల్లో మేరు అని రాయించుకున్నవారు దాదాపు 20 లక్షలు. థరాకావాళ్లని అందులో కలపలేదు, విడిగా లెక్కపెడితే 2 లక్షల పైచిలుకు వచ్చారు.

చుకాలో ఒక బోరు దగ్గర 'మీ కిమేరులో దీన్ని ఏమంటారు?' అని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన పైపు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, 'మాది కిమేరు కాదు, గిచుకా' అన్నాడు. కోపంగా కాదు, అయినా ఆ రోజంతా నాతో మళ్లీ మాట్లాడలేదు. అప్పట్నుంచీ ముందు 'మీరు ఎటువైపు వాళ్లు?' అని అడిగి, ఆ తర్వాతే భాష పేరెత్తడం అలవాటు చేసుకున్నాను. బడి పుస్తకాల్లో ఉండే కిమేరు ఎక్కువగా పట్నం చుట్టుపక్కల ఇమెంటి మాట. ఉత్తరాన ఇగెంబే పిల్లలకి అది పుస్తకాల భాషే. మన పాఠ్యపుస్తకాల్లో కృష్ణా, గోదావరి తెలుగు చూసి పాలమూరు పిల్లవాడు ఎలా అనుకునేవాడో అలాగే.

ఇప్పుడు ఆ 'గిచుకా' అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను, నాకు ఆ భాష మీద ఇష్టం పుట్టింది అక్కడే. బాంటూ భాషల్లో మాట ముందు చేరే ముక్కే అన్నీ చెబుతుంది. మనకి ప్రత్యయాలు వెనక వస్తాయి, వాళ్లకి ముందు వస్తాయి. ఒక మనిషి అయితే ముమేరు, పదిమంది అయితే అమేరు, వాళ్ల భాష కిమేరు. మనిషి 'ముంతు', మనుషులు 'అంతు'. చిన్నదనో ముద్దుగానో చెప్పాలంటే 'క' ముందు చేరుతుంది. మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని రెండు గదులు చేసి వచ్చాడు, వచ్చింది అంటాం. వాళ్లు మనుషులకొకటి, చెట్లకొకటి, భాషలకీ పనిముట్లకీ ఒకటి, చిన్నవాటికొకటి అని పది పన్నెండు గదులు కట్టుకున్నారు. ఏ గదిలో ఉంటే క్రియ ముందూ విశేషణం ముందూ ఆ గది ముక్కే రావాలి. మొదట తల తిరుగుతుంది, తర్వాత అదే ఆసరా అవుతుంది, ఎందుకంటే ఒక మాట చెవిన పడకపోయినా పక్క మాట గది చెప్పేస్తుంది.

సరే, భాషకి ముందు చేరేది 'కి' అయితే కిచుకా కావాలి కదా, గిచుకా ఎందుకైంది? గికుయు ఎందుకైంది? (మనం కికుయు అనేది స్వాహిలీ ఉచ్చారణ, వాళ్లు చెప్పుకునేది గికుయు.) కిమేరు మాత్రం కిమేరుగానే ఎందుకు ఉంది?

జవాబు నాకు ఒక బడి హాజరు పట్టీలో దొరికింది. మీకూ మొదటి రోజే దొరుకుతుంది. అబ్బాయిల పేర్లు కిరిమి, కిన్యువా, గిటొంగా. అమ్మాయిల పేర్లు కరిమి, కవిరా, గట్విరి, గకీ. ఇందులో గిటొంగా, గట్విరి, గకీ పేర్లలో రెండో అక్షరం చూడండి: ట, ట, క. అన్నీ పరుషాలు (క, చ, ట, త, ప లు). వెనక పరుషం వస్తే ముందున్న 'క' మెత్తబడి 'గ' అవుతుంది. కిరిమి, కవిరాల్లో వెనక ర, వ ఉన్నాయి, అవి పరుషాలు కావు, అందుకే 'క' అలాగే ఉంది. కిమేరులో వెనక 'మ' ఉంది కాబట్టి మార్పు లేదు. ఊళ్ల పేర్లూ అంతే: కిబిరిచియా, కియాంజాయి, కన్యకినే ఒక పక్క, గికుమెనే, గటింబి, గిటోరో ఇంకో పక్క. దీన్ని 'డాల్ సూత్రం' అంటారు, ఎడ్మండ్ డాల్ అనే జర్మన్ మిషనరీ పేరున.

మనకి క-చ-ట-త-ప లు గ-స-డ-ద-వ లు అయ్యే సంధి ఉంది కదా, అదీ ఇదీ ఒకటే అనుకున్నాను మొదట. కాదు. మనది రెండు మాటలు కలిసే చోట జరిగేది. దీనికి దగ్గరి పోలిక సంస్కృతంలో ఉంది. 'ధా' ధాతువుని రెట్టిస్తే ధధాతి రావాలి, కానీ దధాతి అంటాం. భూ నుంచి బభూవ వస్తుంది, భభూవ రాదు. రెండు ఒత్తులు పక్కపక్కన పడలేదు, మొదటిది ఒత్తు వదులుకుంది. అక్కడ ఒత్తులకి జరిగిందే ఇక్కడ పరుషాలకి జరుగుతోంది. (థ మాత్రం కొంచెం మొండిది, దాని ముందు కొన్నిచోట్ల మారుతుంది, కొన్నిచోట్ల మారదు. గిథోంగో అనే ఊరుంది, కిథిరునే అనే ఊరూ ఉంది. అక్కడ నన్ను అడగకండి.)

ఆ పేర్లకి అర్థాలు కూడా ఉన్నాయి. కిరిమి అంటే సేద్యం చేసేవాడు, మురిథి అంటే పశువులు కాసేవాడు, గిటొంగా అంటే ధనవంతుడు, ముగాంబి అంటే తీర్పు చెప్పేవాడు, కవిరా అంటే పనిమంతురాలు, మకెనా అంటే సంతోషంగా ఉండేది. హాజరు పట్టీ చదువుతుంటే ఒక పల్లెటూరు మొత్తం కళ్లముందు కనిపిస్తుంది. పత్రికల్లో చూసే పేర్లూ ఇవే. 2021లో కెన్యా సుప్రీంకోర్టుకి మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయిన మార్తా కోమే మేరు మనిషి. 2024 నుంచి ఉప రాష్ట్రపతిగా ఉన్న కిథురే కిండికి థరాకా-నితి మనిషి.

కికుయుతో ఇంకో తేడా చెవికి వెంటనే తగిలేది ఉంది. ముక్కు అక్షరం తర్వాత కికుయులో మెత్తబడే హల్లులు కిమేరులో గట్టిగానే ఉంటాయి. కికుయు 'ముందు', కిమేరు 'ముంతు'. 'నిన్ను ప్రేమిస్తున్నాను' అనడానికి కికుయులో 'నింగ్వెందెతె', కిమేరులో 'నింక్వెందెతె'. ఎన్కుబు, ఎన్చిరు లాంటి ఊళ్ల పేర్లు చూసి నోరు తిరగదని భయపడకండి. 'అంక', 'పంచ' అనగలిగిన నోటికి అవి కష్టం కాదు, మొదట్లో అచ్చు లేదన్న బెంగే మనకి. ఇంకా ఒకటి, అచ్చులు ఏడు. మామూలు ఐదు కాకుండా ఇ-ఎ లకి మధ్య ఒకటి, ఉ-ఒ లకి మధ్య ఒకటి. వాటికి i, u ల మీద టోపీ పెట్టి రాస్తారు. పుస్తకంలో వాళ్ల పేరు చూసి నేను 'మీరు' అని చదివాను చాలారోజులు. పైగా స్వరం ఎత్తు దించితే అర్థం మారే భాష. మనకి ఆ అలవాటు లేదు కాబట్టి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

నవ్వు అంటే గుర్తొచ్చింది. అక్కడ పలకరింపు 'మూగా!' (మూగాకీ మోగాకీ నడుమ పలుకుతుంది). మొదటి వారం ప్రతివాడూ నన్ను చూసి 'మూగా' అంటుంటే, భాష రాదని ఎగతాళి చేస్తున్నారా, అసలు వీళ్లకి తెలుగు ఎలా తెలిసింది అనుకున్నాను. కిమేరులో వచ్చే రేడియో పేరు కూడా మూగా ఎఫ్ఎమ్మే. తెలుగువాడికి ఇంతకంటే సులువుగా గుర్తుండే పలకరింపు ఇంకోటి లేదు. ఇంకోటి, మీ ఆవిడని పాప పేరుతో కలిపి 'మామా ఫలానా' అంటారు, మిమ్మల్ని 'బాబా ఫలానా' అంటారు. మా ఆవిడకి మామా అన్న పిలుపు అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది.

క్రియ గురించి ఒక్కటే చెబుతాను. మనం 'రాగలిగేవాణ్ణి కాదు' అని వెనక వెనక తగిలించినట్టు వాళ్లు ముందు ముందు తగిలిస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎవరిని, తర్వాత ధాతువు. ఒక్క మాటే వాక్యం. అలాంటి ఒక మాట ఆ జిల్లా చరిత్రలో ఉండిపోయింది: 'ఎన్గైటానా'. 'నాకు నేనే సున్తీ చేసుకుంటాను' అని అర్థం. 1956లో ఎన్జురి ఎన్చెకె అనే పెద్దల సభ ఆడపిల్లలకి సున్తీ చేయడాన్ని నిషేధించింది. వెనక తెల్ల దొరల ఒత్తిడి ఉంది, అప్పుడు బ్రిటిష్ పాలన మీద మౌ మౌ తిరుగుబాటు జరుగుతున్న కాలం. మమ్మల్ని అడక్కుండా మా గురించి తీర్మానమేమిటని వందలమంది పిల్లలు తమకి తామే, ఒకరికొకరు బ్లేడ్లతో చేసుకున్నారు. ఆ పిల్లల గుంపులకే ఎన్గైటానా అని పేరు పడింది. ఇప్పుడు 2011 చట్టం ప్రకారం అది నేరం, అలా ఉండడమే న్యాయం కూడా. అయినా ఆ తరం ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఆ విషయం మీరుగా ఎత్తకండి.

ఎన్జురి ఎన్చెకె పేరు వచ్చింది కాబట్టి మీ మొదటి ప్రశ్నకి వస్తాను, అసలు జవాబు ఇక్కడే ఉంది.

కాలేజీలో మీకు కిమేరు అక్కర్లేదు. పాఠం ఇంగ్లీషులో చెబుతారు. బ్యాంకు, ఆసుపత్రి, పోలీసు స్టేషను, మటాటు (జనాన్ని ఎక్కించుకునే అద్దె వ్యాను), అన్నీ ఇంగ్లీషు, స్వాహిలీలతో నడుస్తాయి. 2010 రాజ్యాంగం స్వాహిలీని జాతీయ భాష చేసింది, ఇంగ్లీషునీ దాన్నీ అధికార భాషలు చేసింది. మిగతా భాషల్ని ప్రోత్సహిస్తామని ఒక వాక్యం కూడా రాసుకుంది. పట్నం కుర్రాళ్లు స్వాహిలీ, ఇంగ్లీషు, కిమేరు కలిపి కొడతారు, అందులో మీరు ఏ ముక్క పట్టుకున్నా నెట్టుకొస్తారు. ఇల్లు అద్దెకి తీసుకోవడం, కూరగాయలు, కరెంటు బిల్లు, వీటికి టెన్షన్ పడక్కర్లేదు.

నా పని వేరు. కొండ మీది వాగుల నుంచి పైపు వేసి ఊరికి నీళ్లు తెచ్చే సంఘాలు అక్కడ చాలా ఉన్నాయి. నీళ్లు వాటంతటవే దిగుతాయి, కష్టం మనుషులతోనే. పైపు ఎవరి టీ తోట గట్టు మీదుగా పోవాలి, పై ఊరు తోడుకుంటే కింది ఊరికి ఏం మిగులుతుంది, ఇదే రోజూ గొడవ. ఒకసారి మా లైను ఒకతని భూమిలోంచి పోయింది. కాగితాల ప్రకారం మాకు హక్కుంది, అతను గొడ్డలి పట్టుకుని పైపు కోశాడు. మేము కోర్టు అనుకుంటుంటే సంఘం వాళ్లు పెద్దల్ని పిలిచారు. ఎన్జురి ఎన్చెకె మేరువాళ్ల పెద్దల సభ, దాని మూలస్థానం ఎన్చిరులో ఉంది. భూమి తగాదాలు, కొట్లాటలు, ప్రమాణాలు దాని దాకా పోతాయి. తప్పు చేసినవాడికి ఎద్దో మేకో తేనో జరిమానా. అందులోకి అందరినీ తీసుకోరు, లోపల ఏం జరిగిందో సభ్యులు బయట చెప్పరు. మా దగ్గరికి వచ్చినవారు ఊరి స్థాయి పెద్దలు.

నాలుగు గంటలు కూర్చున్నాం. నా పక్కనున్న కుర్రాడు స్వాహిలీలోకి చెబుతున్నాడు. ఒక పెద్దాయన పది నిమిషాలు మాట్లాడితే వాడు 'నీళ్లు అందరివీ అంటున్నాడు' అని ఒక్క ముక్క అన్నాడు. అందరూ నవ్విన చోట 'అది సామెతలే' అని వదిలేశాడు. నేను ఆ రోజు కూర్చున్నది కిటికీ బయట. చివరికి పైపు రెండు మీటర్లు పక్కకి జరిపాం, అతని ఇంటికి ఒక కుళాయి ఇచ్చాం, అతను ఒక మేక ఇచ్చాడు. తీర్పు మంచిదే, కానీ ఎందుకు అలా వచ్చిందో నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు: అతని తాత మొదటి కాలువ తవ్వినప్పుడు చనిపోయాడట, ఆ మాట సామెతగా అన్నారట. ఆ పంచాయితీ జరిగిన మర్నాటి నుంచే నేను మా వాచ్‌మన్ దగ్గర కిమేరు మొదలుపెట్టాను. 'నీళ్లు' మొదటి మాట: రూజి. కికుయులో, స్వాహిలీలో దానికి 'మ' తో మొదలయ్యే మాటలున్నాయి, మేరువాళ్లు మాత్రం రూజి అంటారు.

మీరు లెక్చరర్, మీకు పైపు తగాదాలు రావు. కానీ విద్యార్థి తండ్రి చనిపోయాడని ఊరికి వెళ్తారు, పెళ్లికి పిలుస్తారు, పక్కింటి ముసలమ్మ మీ పాపని ఎత్తుకుంటుంది. అక్కడ స్వాహిలీ అంటే రైల్వే స్టేషను తెలుగు లాంటిది. పని జరుగుతుంది, అంతవరకే.

నేర్చుకోవడానికి ఏముంది అంటారా, ఎక్కువ లేదు. మెథడిస్టు, క్యాథలిక్ మిషన్లవాళ్లు ఆ భాషని రాతలో పెట్టారు, పూర్తి బైబిలు 1964లో వచ్చింది. అచ్చులో దొరికే పెద్ద పుస్తకం ఇప్పటికీ అదే. ఆ కిమేరు కొంచెం గుడి భాష. రేడియో వినండి, ముఖ్యంగా చావు ప్రకటనలు. ఊళ్ల పేర్లు, చుట్టరికాలు, అంకెలు అన్నీ నెమ్మదిగా, స్పష్టంగా చదువుతారు. అంకెల్లో ఒక సంగతి గమనిస్తారు. స్వాహిలీలో ఏడు 'సబా', తొమ్మిది 'తీసా', రెండూ అరబ్బీ నుంచి వచ్చినవి. కిమేరులో ఏడు 'ముగ్వాంజా', తొమ్మిది 'కెందా'. తీరపు వ్యాపారం కొండ ఎక్కేసరికి ఆ అరువు మాటలు ఇక్కడ అతకలేదు. అయితే స్వాహిలీ మోసుకొచ్చిన మన మాటలు సంతలో ఉన్నాయి: దుకా అంటే దుకాణం, గునియా అంటే గోనె బస్తా. మొక్కజొన్న 'గునియా' ఎంతకి అని మొదటిసారి విన్నప్పుడు మా అనంతపురం మార్కెట్ యార్డే అనిపించింది.

టైము దగ్గర మాత్రం మోసపోకండి. తూర్పు ఆఫ్రికా అంతటా గంటలు తెల్లవారుజాము నుంచి లెక్క. ఉదయం ఏడింటిని 'ఒకటి' అంటారు, తొమ్మిదింటిని 'మూడు' అంటారు. ఏడాది పొడుగునా పొద్దు దాదాపు ఒకే వేళకి పొడుస్తుంది కాబట్టి అక్కడ ఆ లెక్క కుదురుతుంది. మన పెద్దవాళ్లు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే. స్వాహిలీలో ఎవరైనా 'మూడింటికి రండి' అంటే పొద్దున్నా సాయంత్రమా కాదు, ఏ గడియారమో అడగండి.

వాళ్ల పుట్టుక గురించి చెప్పే కథ కూడా తెలుసుకుని వెళ్లండి, ఏ పెద్దాయన దగ్గర కూర్చున్నా వస్తుంది. పూర్వం ఎంబ్వా అనే దీవిలో ఎర్రబట్టలవాళ్లకి బానిసలుగా ఉండేవారట. కోమెన్జ్వే అనే ఆయన దారి చూపితే నీళ్లు చీలి రాత్రికి రాత్రి దాటారట. చీకట్లో దాటినవాళ్లు నల్లవంశాలు (ఎన్జిరు), తెల్లవారుతుంటే దాటినవాళ్లు ఎర్రవంశాలు (ఎన్టునే), పొద్దెక్కాక దాటినవాళ్లు తెల్లవంశాలు (ఎన్జెరు). రంగు ఒంటిది కాదు, దాటిన వేళది. మోషే కథలా ఉందని పాస్టర్లు మురిసిపోతారు. చరిత్రకారులు ఆ దీవి కెన్యా సముద్రతీరంలో లాము దగ్గరి మాండా కావచ్చంటారు. వంశాలతో పాటు వయసు తరగతులు కూడా ఉన్నాయి: ఒకే కాలంలో సున్తీ జరిగిన మగపిల్లలంతా ఒక తరగతి, దానికో పేరు. మిచుబు, రతాన్యా, లుబెటా, మిరితి లాంటి ఆ పేర్లు మన ప్రభవ, విభవల్లాగా తిరిగి తిరిగి వస్తాయి. తాతల తరగతి పేరు ఒకరోజు మనవళ్లకి వస్తుంది. ముసలాయన వయసు అడిగితే సంవత్సరం చెప్పడు, తరగతి చెబుతాడు.

పాప బడి గురించి. కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం చిన్న తరగతుల్లో స్థానిక భాష నేర్పాలి. పల్లె బడుల్లో నేర్పుతారు, పట్నం ప్రైవేటు బడుల్లో ఇంగ్లీషే. ఒకప్పుడు అక్కడ బడిలో తల్లిభాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేసేవారు, సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఇది విని నేను ఆశ్చర్యపోలేదు. మన కడప జిల్లాలో ఒక బడిలో 2009లో పిల్లల మెడలో 'తెలుగు మాట్లాడను' అని పలక వేసిన వార్త నాకు గుర్తుంది. మీ పాప మాత్రం మీ కంటే ముందు నేర్చేసుకుంటుంది. సందులో ఆడుకునే పిల్లలు కిమేరులోనే కొట్లాడుకుంటారు.

మీరా గురించి రెండు మాటలు. న్యాంబెనే కొండల్లో, మావువా, లారే వైపు ఇగెంబే వాళ్లు పెంచే ఆకు అది. లేత కొమ్మలు నములుతారు, నిద్ర రాదు. అది కోశాక రెండు రోజుల్లో సత్తువ పోతుంది, అందుకే అరటాకుల్లో చుట్టి పికప్ బండ్లలో ప్రాణాలకి తెగించి నైరోబీ తోలుతారు, అక్కడి నుంచి సోమాలియాకి విమానంలో పోతుంది. ఆ బండ్లు ఎదురొస్తే దారివ్వండి, పంతానికి పోకండి. 2014లో బ్రిటన్ దాన్ని నిషేధించినప్పుడు, 2020 నుంచి 2022 దాకా సోమాలియా కొనడం ఆపేసినప్పుడు ఆ వైపు సంతల్లో డబ్బు ఆడలేదు. పెళ్లి మాటలకి, క్షమాపణకి మీరా కట్ట తీసుకెళ్లడం అక్కడ మర్యాద, మన తాంబూలం లాగా. అక్కడ తప్పు కాదు. కానీ వేడుకకి ఇచ్చారు కదా అని ఇండియాకి వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకోకండి. అందులో ఉండే కాథినోన్ అనే మత్తు పదార్థం మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో ఉంది.

తిండికి ఇబ్బంది లేదు. థరాకా వైపు కింది నేలల్లో పెసలు, కందులు, అలసందలు పండుతాయి. కంది మన దేశం నుంచి పోయిన పంటే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్ నైరోబీలోనూ కేంద్రం పెట్టి కంది రకాల మీద అక్కడ కూడా పనిచేసింది. పప్పు చేసుకోవచ్చు. చింతపండు, ఇంగువ మాత్రం తీసుకెళ్లండి.

ఎప్పుడు చేరుతున్నారో రాయలేదు. మార్చి నుంచి మే దాకా ఒక వాన, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో వాన. మేరు వైపు రెండోదే పెద్దది. అక్టోబరులో దిగితే గొడుగు కంటే ముందు గమ్‌బూట్లు కొనుక్కోండి, పాపకి కూడా. ఆ ఎర్రమట్టి చెప్పుల్ని లాగేసుకుంటుంది. బూట్లు కొనే దుకాలోనే మొదటి 'మూగా' చెప్పేయండి, ధర కొంచెం తగ్గుతుంది.